ముందు విచారణ, పిమ్మట విధానము

నెహెమ్యా యెరూషలేమునకు వచ్చునప్పటికి ఆ పట్టణపు ప్రాకారములు కూలి, గుమ్మములు కాలి పాడుపడి యుండెను. అతడు వచ్చిన దినముననే జనులను ప్రోగుచేసి పని యారంభింపలేదు. మూడు దినములు ఊరకుండి, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, ఏ గోడ ఎంతమేర పడినదో, ఏ గుమ్మము కాలినదో, ఎచ్చట దారి లేదో కన్నులార చూచెను. చూచిన పిమ్మటనే అధికారులతోను జనులతోను కట్టుదమని పలికెను. మన బడిలో ఈ కథను విశ్వాసమునకును ధైర్యమునకును దృష్టాంతముగా చెప్పుచుందురు. అది సరియే. కాని ఇందు వేరొక పాఠము గూడ గలదు. పదిమంది మేలు కోరి చేయు పనికి మంచి మనస్సు మాత్రము చాలదు. ముందుగా చూడవలెను, ఎంచవలెను, అడుగవలెను.

ప్రభుత్వమువారు దేశములతో మైత్రి చేయుట, ఎగుమతి దిగుమతులపై సుంకములు వేయుట, నూనె, గ్యాసు, విద్యుత్తు సమకూర్చుట, రోగులకు వైద్యము కల్పించుట మొదలగు పనులకు ఏర్పరచుకొను పద్ధతికి విధానమని పేరు. ఆ విధానము తగినదా కాదా యని ఆధారములతో విచారించుట విధాన పరిశోధన. ఇది మహాపండితులకే గాని మనకెందుకని కొందరు విద్యార్థులు తలంపవచ్చును. ఈ పరిశోధన అంతయు నాలుగు ప్రశ్నలలో ఇమిడియున్నది. ఉన్నస్థితి యేమి? దానికి కారణమేమి? చేయదలచిన పనికి ఎంత ఖర్చగును, ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడును? చేసిన పిమ్మట అనుకొన్నట్లు జరిగినదా? ఈ నాలుగింటిని అడిగినందువలన కలిగిన మేలును, అడుగనందువలన కలిగిన కీడును తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. మన గోదావరి డెల్టాయే చాలును.

నేడు ఎటు చూచినను వరిచేలతో, కొబ్బరితోటలతో, కాలువలతో కన్నులపండువగానుండు ఈ సీమ సుమారు రెండువందల ఏండ్ల క్రిందట ఇట్లుండలేదు. అప్పటి రాజమహేంద్రవరము జిల్లాలో 1821లో సుమారు 7,38,000 మంది జనులుండగా, 1841 నాటికి వారి సంఖ్య సుమారు 5,61,000కు దిగిపోయెను. ఇరువది ఏండ్లలో ఇంచుమించుగా నలుగురిలో ఒకరు లేకపోయిరి. కొందరు చనిపోయిరి, కొందరు ఊళ్లు విడిచి వలసపోయిరి. 1832-33లో వచ్చిన నందన సంవత్సరపు కరవును, 1839లో కోరింగను ముంచిన తుపానును, వానలు చాలని పెక్కు సంవత్సరములును ఈ జిల్లాను క్రుంగదీసెను.

వీనికి తోడు వర్తకపు దెబ్బయు తగిలెను. యానాము చెంతనున్న ఇంజరములోను, నరసాపురము చెంతనున్న మాధవాయపాలెములోను తూర్పు ఇండియా కంపెనీవారి బట్టల కొట్లుండెను. మాధవాయపాలెపు పేరే ఇంగ్లీషువారి నోట మారి ఒక జాతి బట్టకు పేరయి లోకమంతట వ్యాపించినది. ఇంగ్లండు మిల్లుల చౌక బట్ట వచ్చిపడినందున మన నేతపని తగ్గిపోయెను; 1833లో లండనులో చేయబడిన చట్టముతో కంపెనీవారి వర్తకమే నిలిచిపోయెను. చట్టము చేసినవారిలో మన నేతగానిని చూచినవారు లేరు. ఆ చట్టమును చదివిన నేతగాడును మన ఊళ్లలో లేడు. అయినను అతని మగ్గము ఆగిపోయెను. విదేశ వ్యవహారములును, వర్తకమును, మన ఇంటి పొయ్యియు ఒకే గొలుసులోని కడియములని చూపుటకు ఇంతకంటె తార్కాణమేల?

జిల్లా ఆదాయము పడిపోవుచుండగా చెన్నపట్టణపు ప్రభుత్వమువారు కారణము తెలిసికొనుటకై హెన్రీ మాంట్గోమరీ దొరగారిని విచారణాధికారిగా నియమించిరి. ఆయన జిల్లా స్థితిని పరిశీలించి 1844లో నివేదిక సమర్పించిరి. జనసంఖ్య తగ్గుదలను అంకెలతో చూపి, నీటి వసతులను ఉపేక్షించుట గొప్ప లోపమని తెల్పిరి. ఇది మొదటి ప్రశ్నకు జవాబు. కారణమును మరింత లోతుగా చూచినవారు ఆర్థరు కాటను దొరగారు. ఆయన 1844లోను 1845లోను వ్రాసిన నివేదికలలో ఒక పోలిక చూపిరి. కావేరి డెల్టాయందలి తంజావూరు సీమయు, గోదావరి డెల్టాయందలి మన సీమయు నేలలో ఇంచుమించు ఒకటే. నదియో, మనదే పెద్దది. అయినను తంజావూరు వర్ధిల్లుచుండగా మనది క్షీణించుచున్నది. భేదమెక్కడ? అచ్చట నీటిని నిలిపి కాలువలకు మరలించు కట్టలున్నవి. ఇచ్చట గోదావరి జలము, కరవు నాటి సంవత్సరములలో గూడ, వట్టినే సముద్రము పాలగుచున్నది. తిట్టులేదు, కన్నీరులేదు, రెండు జిల్లాలను ప్రక్కప్రక్కన నిలిపి చూపుట మాత్రమే. అయినను వట్టి విన్నపములు చేయలేని పనిని ఆ పోలిక చేసినది.

ఆనకట్ట పని 1847లో ధవళేశ్వరమువద్ద ఆరంభమై 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా లంకల నడుమ అది కట్టబడినది. చెంతనున్న కొండ రాయి ఇచ్చెను. వేలకొలది కూలీలు చెమటోడ్చిరి. వీణం వీరన్నగారు కాటను దొరగారికి కుడిభుజమై పని నడిపిరి. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును మ్రింగిన మహాక్షామకాలమున, ఒకప్పుడు కరవుసీమ యనబడిన ఈ డెల్టా దాని వాతనుండి తప్పించుకొనెను. పాత ఆనకట్టకు బదులుగా 1982లో పూర్తియైన బారేజికి కాటను దొరగారి పేరే పెట్టబడినది. మన ఊళ్లలో ఆయన విగ్రహములు ఎన్నో గలవు. గుఱ్ఱముపై నెక్కిన కాటనును అందరు చూతురు. కాగితములు ముందర పెట్టుకొని లెక్కలు వేసిన కాటనును తలచువారు తక్కువ. ఆ లెక్కలే లేకున్న ఆ విగ్రహములు లేవు.

అయితే మూడవ ప్రశ్నను మరువరాదు. ఆనకట్ట నీరు డెల్టాకు వచ్చెనుగాని మెట్ట తాలూకాలకు రాలేదు. అందుచే ఒకే జిల్లాలో రెండు బ్రతుకులు ఏర్పడినవి. మంచి విధానమునకు గూడ అంచు లుండును. ఆ అంచు ఆవల నిలిచినవారిని లెక్కలో చేర్చుటయు పరిశోధకుని ధర్మమే. 2014లో జాతీయ ప్రాజెక్టుగా ప్రకటింపబడిన పోలవరము విషయమున కొండప్రాంతపు నిర్వాసితుల సంగతి ఇందుకే మాటిమాటికి వచ్చుచుండును.

ఇక మన కాలపు వర్తకమునకు వత్తము. భీమవరము, ఆకివీడు, నరసాపురము, అమలాపురము ప్రాంతములలో వరిచేలు రొయ్యల చెరువులైనవి ఎన్నో గలవు. భారతదేశపు రొయ్యల ఎగుమతిలో ఆంధ్రప్రదేశమునది అగ్రస్థానము. కొనువారిలో అమెరికా దేశము పెద్దది. చెరువు గట్టున నిలిచిన రైతునకు పిల్ల ధర, మేత ధర, కరెంటు బిల్లు, కౌలు తెలియును. కిలోకు ఎన్ని రొయ్యలు తూగునో ఆ కౌంటును బట్టి తనకు రాబడి వచ్చునని తెలియును. తెలియనిది సముద్రమునకు ఆవల జరుగునది. 2005లో అమెరికావారు భారతదేశముతో కలిపి ఆరు దేశముల రొయ్యలపై, సరియైన వెలకంటె తక్కువకు అమ్ముచున్నారను కారణమున, ప్రత్యేక సుంకము విధించిరి. 2025 ఆగస్టులో మన దేశపు వస్తువులపై మొదట నూటికి 25, పిమ్మట రష్యా నూనె కొనుచున్నామను కారణమున మరి 25, వెరసి నూటికి 50 వంతున సుంకము వేసిరి.

ఇందలి వింత గమనింపుడు. నూనె కొనుట ఇంధన విధానము. రష్యాతో మైత్రి విదేశాంగ విధానము. సుంకము వర్తక విధానము. ఈ మూడును కలిసి వచ్చి తుదకు భీమవరపు చెరువులో పడినవి. ఆ సుంకమును రేవులో చెల్లించువాడు అమెరికా వర్తకుడే. అయినను అతడు దానిని తన జేబునుండియే ఇచ్చునా? కొంత అచ్చట తినువానిపై వేయును. కొంత తగ్గించి మన ఎగుమతిదారునకు వెల కట్టును. ఎగుమతిదారుడు చెరువు గట్టు ధర తగ్గించును. షెడ్డులలో రొయ్య తల వలుచు స్త్రీలకు పనిదినములు తగ్గును. ఎవరిపై ఎంత పడునో నిర్ణయించునది ఒక్క మన సుంకమే కాదు, మన పోటీదారుని సుంకము గూడ. అదే నెలలో ఈక్వడారు దేశపు వస్తువులపై సుంకము నూటికి 15 మాత్రమే. అందరికి ఏబదియైన కొనువాడు వేరు దారి లేక కొనును. ఒకనికి పదునైదు, ఒకనికి ఏబది యైనచో ఎవరివద్దకు పోవునో చిన్నపిల్లవాడును చెప్పగలడు.

ఇందుకు మందేమి? క్రొత్త దేశములలో అమ్ముట, మన దేశములోనే రొయ్యలు తినువారిని పెంచుట, మేత ఖర్చు తగ్గించుట, సంధి మాటలాడుట అని పలువురు పలువిధముల చెప్పుదురు. ఏది ఎంత ఫలించునో లెక్క చూచి చెప్పుటయే పరిశోధకుని పని. ఆ లెక్కలో చెరువు ప్రక్కనున్న వరిరైతును గూడ చేర్చవలెను. ఉప్పునీటి చెరువుల వలన పొరుగు పొలములును త్రాగునీటి బావులును చెడుచున్నవను ఫిర్యాదులు సుప్రీముకోర్టు వరకు పోగా, 1996 డిసెంబరులో ఆ న్యాయస్థానము సముద్రతీరపు చెరువులపై కఠినమైన తీర్పు చెప్పెను. పిమ్మట 2005లో తీరప్రాంత చెరువుల సాగును క్రమపరచుటకు పార్లమెంటు చట్టము చేసెను. ముందే విచారించియున్న, కోర్టుమెట్లు ఎక్కవలసిన పని కొంతయైన తగ్గెడిది కాదా?

విచారణ చాలని చోట ఏమగునో మన గ్యాసు కథ చెప్పును. కృష్ణా గోదావరి తీరపు సముద్రగర్భమున 2002లో గొప్ప గ్యాసు నిక్షేపము కనబడెను. 2009 ఏప్రిలులో కాకినాడ చెంత గాడిమొగవద్ద గ్యాసు ఒడ్డు చేరెను. 2010లో దినమునకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లు వచ్చెను. ఇది ఇట్లే పెరుగునని నమ్మి వేమగిరి, సామర్లకోట ప్రాంతములలో గ్యాసుతో విద్యుత్తు పుట్టించు పెద్ద కేంద్రములు కట్టిరి, బ్యాంకులు అప్పులిచ్చెను. 2013 చివరకు వచ్చు గ్యాసు దినమునకు 1.5 కోట్ల ఘనపు మీటర్లకు లోపే! కట్టిన యంత్రములలో పెక్కు నిలిచిపోయినవి. 2020 చివరినుండి క్రొత్త క్షేత్రముల వలన గ్యాసు మరల కొంత పెరిగినదిగాని, పోయిన కాలమును, పేరుకొన్న వడ్డీయు తిరిగి రావు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అని మన పెద్దలనుట ఇట్టి దానికే. కాటను దొరగారు కట్టకు ముందు నదిని కొలిచిరి. ఇచ్చట వచ్చునో రాదో తెలియని గ్యాసును వచ్చినట్టే లెక్క వ్రాసికొనిరి. నేల క్రింది నిధి ఎంతయో ఎవరును కన్నులార చూడలేరు. కనుక తక్కువ వచ్చిన ఏమి చేయుదుమను ప్రశ్నను ముందే అడుగవలెను.

గ్యాసు లెక్కలో మరియొక పద్దు గలదు. 1995 జనవరిలో పాశర్లపూడివద్ద బావి నుండి ఎగసిన మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. 2014 జూన్ 27వ తేదీన నగరము గ్రామమున గ్యాసు గొట్టము ప్రేలి ఇరువదిమందికి పైగా ప్రాణములు గోల్పోయిరి. ఊరికి వెలుగునిచ్చు గ్యాసు ఊరినే కాల్చెను. యూనిట్టుకు ఎన్ని రూపాయలని విద్యుత్తు వెల కట్టునప్పుడు, గొట్టము ప్రక్కన నిద్రించు పేదవాని భయమునకు వెల కట్టిరా? కాపుదలకు ఖర్చు పెట్టుట దండుగ కాదని ఆ గ్రామము మనకు చాల కఠినముగా నేర్పినది.

కడపట వైద్యపు ఖర్చును గూర్చి. మన మిషను ఆసుపత్రుల పేరు వినని ఇల్లు ఈ సీమలో లేదు. ఐనను ఇంటిలో ఒకరికి పెద్ద జబ్బు చేసినచో పుస్తెలు తాకట్టుకు పోవుట, అర ఎకరము అమ్ముట ఇప్పటికిని వినుచున్నాము. ఈ బాధను తగ్గించుటకై 2007లో ఆరోగ్యశ్రీ యను పథకము అప్పటి ఆంధ్రప్రదేశమున మూడు జిల్లాలలో మొదలై పిమ్మట రాష్ట్రమంతట వ్యాపించినది. దాని పేరు ప్రభుత్వములతో మారుచు వచ్చినను, పేదవానికి ఆసుపత్రిలో చేయు పెద్ద చికిత్సల ఖర్చును ప్రభుత్వము భరించుటయను మూలసూత్రము నిలిచినది. ఇందువలన ఎందరో గుండె ఆపరేషనులు చేయించుకొని బ్రతికిరి. ఇది గొప్ప మేలు.

కాని నాలుగవ ప్రశ్న అడుగుదము. మన ఊళ్లలో జనులు దేనిచే చనిపోవుచున్నారు? దీనిని ఊహతో గాక ఎంచి తెలిసికొనవలెనని 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో, సుమారు 1,80,000 మంది జనులలో, కొందరు వైద్యపరిశోధకులు విచారణ చేసిరి. ఆరోగ్యకార్యకర్తలు మరణము జరిగిన ఇంటింటికి పోయి, చనిపోవుటకు ముందు ఏ లక్షణములు కనబడెనో బంధువులను ఓర్పుతో అడిగి వ్రాసికొనిరి. వైద్యులు వానిని చదివి కారణము నిర్ణయించిరి. సంవత్సరములో సుమారు 1,350 మరణములు పరిశీలింపబడెను. పల్లెలలో చావులకు జ్వరములు, విరేచనములే ముఖ్యకారణములని అందరు తలచుచుండగా, ఇంచుమించుగా మూడింట ఒకవంతు మరణములు గుండెజబ్బు, పక్షవాతము మొదలగు రక్తప్రసరణ సంబంధమైన వ్యాధులవలన కలిగినట్లు తేలెను.

ఈ ఒక్క అంకె విధానపు దిశనే మార్చును. గుండె ఆగిన పిమ్మట చేయు ఆపరేషనుకు లక్షలు కావలెను. రక్తపు పోటునకు దినమునకు ఒక మాత్ర కొద్ది రూపాయలే. మొదటిదానిని ప్రభుత్వము భరించి, రెండవదానిని రోగికే విడిచినచో, తూము మూసివేయుట మాని గండి పూడ్చుటకే ధనము వ్యయపరచినట్లగును. మన దేశమున కుటుంబములు వైద్యమునకై తమ చేతినుండి పెట్టు ఖర్చులో మందుల వంతే పెద్దదని సర్వేలు చెప్పుచున్నవి. రోగ మొకటి, మందొకటి కాకుండవలెనన్న, ఆ ఆరోగ్యకార్యకర్తల వలె ముందుగా గడప ముందు కూర్చుండి అడుగవలెను.

ఇట్టి పరిశోధనకు మన దేశమున పెద్ద సంస్థలే గలవు. విదేశ వ్యవహారములకై 1943లో ఢిల్లీలో భారత ప్రపంచ వ్యవహారముల మండలి ఏర్పడెను. 1980లో హైదరాబాదున ఆర్థిక సాంఘిక అధ్యయన కేంద్రము స్థాపింపబడెను. ఇట్టి సంస్థల నివేదికలు చదువునప్పుడు గూడ ఒక జాగరూకత వలయును. విచారణకు ధనమిచ్చినవారెవరు, ఎవరిని అడిగిరి, ఎవరిని అడుగకుండ విడిచిరి అని చూడవలెను. ధనము పెట్టినవానికి నచ్చు జవాబును ముందే వ్రాసికొని దానికి అంకెలు వెదకుట పరిశోధన కాదు, వకాల్తా.

పరిశోధన యనగా పెద్దవారి పనియే యని వెనుదీయకుడు. 1916లో చెన్నపట్టణపు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యులుగా నుండిన గిల్బర్టు స్లేటరు దొరగారు తమ విద్యార్థులను స్వగ్రామములను పరిశీలింప బంపిరి. భూమి ఎవరిది, కూలి ఎంత, అప్పు ఎంత, ఏమి తినుచున్నారు అని వారు ఇల్లిల్లు తిరిగి వ్రాసి తెచ్చిరి. అది 1918లో గ్రంథముగా వెలువడెను. అందు వర్ణింపబడిన గ్రామములలో మన కొవ్వూరు ప్రాంతపు ఊనగట్ల ఒకటి. ఆనాటి విద్యార్థులు వ్రాసినది నేటికిని పండితులు తిరుగవేయుచున్నారు.

కనుక ప్రియ విద్యార్థులారా, వచ్చు క్రిస్మసు సెలవులలో మీరును ఒక పుస్తకము, ఒక పెన్సిలు తీసికొనుడు. మీ వీధిలో పది ఇండ్లు చాలును. నెలకు మందులకెంత యగుచున్నదో, కరెంటుకును వంటగ్యాసుకును ఎంతయో, రొయ్యల ధర పడిన నెలలో ఇంటిలో ఏ ఖర్చు మానుకొనిరో వినయముతో అడుగుడు. ఎవరి పేరును వ్రాయకుడు. ఎవరి గుట్టును బయటపెట్టకుడు. తెలియనిచోట తెలియదనియే వ్రాయుడు, సున్న వేయకుడు. మీ తాతగారు గాని, అమ్మమ్మగారు గాని చెప్పిన మాట మీ ఊహకు విరుద్ధముగా నుండిన, ఆ మాటనే ముందుగా వ్రాయుడు. తల్లిదండ్రులకు మా మనవి యేమన, పిల్లవాడు వచ్చి ఇంటిఖర్చు అడిగినప్పుడు "నీకెందుకురా" అని కసరకుడు. రేపు ఆ పిల్లవాడు ఊరి పంచాయతీలోనో, బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, ఢిల్లీ సచివాలయములోనో కూర్చుండి పదిమంది బ్రతుకును నిర్ణయించు కాగితముపై సంతకము చేయవచ్చును. ఆనాడు అతనికి మీ ఇంటి లెక్క జ్ఞప్తికి వచ్చినచో, ఎన్నో ఇండ్లు కూలకుండ నిలుచును.